ఊపిరి లెక్కపెట్టని సముద్రం

"ప్రశాంతంగా ఆడుకునే గేమ్ ఏదైనా చెప్పండి" అని ఎవరడిగినా వచ్చే జాబితాలో సముద్రం అడుగున తిరిగే గేమ్స్ రెండు మూడైనా ఉంటాయి. నా కోపమంతా ఆ జాబితాల మీదే. అందులో సబ్‌నాటికా కూడా పెట్టేస్తారు. గొప్ప గేమే, కాదనను. కానీ ట్యాంకు లేకుండా దిగితే చేతిలో ఉండేది 45 సెకన్ల ఊపిరి. ఆక్సిజన్ అయిపోతోందని చెవిలో హెచ్చరిక, పైకి చూస్తే వెలుతురు ఎక్కడో దూరంగా, చీకట్లోంచి ఏదో పెద్ద జంతువు అరుపు. దీన్ని ప్రశాంతత అనేవాళ్ల గుండె దేనితో చేశారో మరి! తెర నీలంగా కనిపిస్తే చాలు, రిలాక్సింగ్ అని ముద్ర వేసేస్తున్నారు.

నా దృష్టిలో ప్రమాదం లేకపోవడం ఒక్కటే చాలదు. గేమ్ నన్ను లెక్కపెట్టకూడదు. నా ఊపిరినీ, నేను చూసిన చేపల్నీ, పట్టిన టైమునీ, దేన్నీ. ఈ కొలతకి బాగా దగ్గరగా వచ్చింది అబ్జూ. 2016 నాటి గేమ్. ఇంత పాతదాని గురించి ఇప్పుడెందుకంటే, తర్వాత వచ్చినవాటిలో చాలావాటికి అది చేసిన మంచి పనేంటో అర్థం కాలేదు కాబట్టి.

ఎడారిలో కొండ వైపు సాగే జర్నీ అనే గేమ్‌కి ఆర్ట్ డైరెక్టర్‌గా చేసిన మ్యాట్ నావా, జెయింట్ స్క్విడ్ అనే స్టూడియో పెట్టి తీసిన మొదటి గేమ్ ఇది. సంగీతం కూడా జర్నీకి చేసిన ఆస్టిన్ వింటరీదే. "ఇసుక తీసేసి నీళ్లు పోశారు, అంతేగా" అని వెక్కిరించినవాళ్లున్నారు. కొంతవరకు నిజమే. మాటల్లేని కథ, గోడల మీద పాత బొమ్మలు, ఒంటరి ప్రయాణం, అన్నీ అక్కడ చూసినవే. కానీ జర్నీలో కొండ ఎక్కాలన్న తొందర ఉంటుంది. ఇక్కడ ఆగిపోవచ్చు. ఆగినా ఎవరూ ఏమీ అనరు.

తెర మీద ఆక్సిజన్ మీటర్ లేదు, హెల్త్ బార్ లేదు, మ్యాప్ లేదు. అక్కడక్కడా సొరచేప ఆకారంలో రాతి విగ్రహాలుంటాయి. వాటి మీద కూర్చుని ధ్యానం చేయొచ్చు. అప్పుడు కెమెరా మనల్ని వదిలేసి ఒక చేప వెంట పడుతుంది. దాని పేరు తెర మీద కనిపిస్తుంది. విసుగొస్తే ఇంకో చేపకి మారొచ్చు. ఆ చేప ఏమీ చేయదు, తన మానాన తను తిరుగుతుంటుంది. ఒక్కోసారి మనం చూస్తున్న చిన్న చేపని పెద్దదేదో వచ్చి మింగేస్తుంది. దానికి విషాద సంగీతం లేదు, మార్కులు లేవు. ఆటగాడి చేతిలో పనేమీ పెట్టకుండా కూర్చోబెట్టే ధైర్యం ఎంతమంది డిజైనర్లకి ఉంటుంది?

రంగుల విషయంలో మాత్రం ఈ గేమ్ పచ్చి అబద్ధం ఆడుతుంది. నీరు ముందుగా ఎరుపు కాంతిని పీల్చేసుకుంటుంది. నిజమైన సముద్రంలో పది మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు మాయమై, లైటు వేసి చూస్తే తప్ప ఎర్రటి వస్తువులు కూడా మసకగా కనిపిస్తాయి. అబ్జూలో ఎంత లోతుకి పోయినా ఎరుపు భగ్గుమంటుంది. నాకేం అభ్యంతరం లేదు. ఎందుకంటే చేపల కదలికలో మోసం చేయలేదు. గుంపులోకి దూసుకెళ్తే రెండుగా చీలి, మన వెనక మళ్లీ కలిసిపోతాయి. గుంపుకి నాయకుడంటూ ఎవరూ అక్కర్లేదని 1987లోనే కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు క్రెయిగ్ రెనాల్డ్స్ కంప్యూటర్ మీద చూపించాడు. పక్కవాణ్ణి గుద్దుకోకు, వాళ్లు పోయే దిక్కుకే పో, గుంపుకి మరీ దూరం కాకు. ఈ మూడు సూత్రాలతోనే అంత నాట్యం పుడుతుంది. అబ్జూలో అలాంటి గుంపు మధ్యలోకి వెళ్లి ఊరికే చుట్టూ తిరుగుతుంటే, సినిమా థియేటర్లో కూడా నాకు రాని ఒళ్లు జలదరింపు వచ్చింది.

లోతైన చీకట్లో నీలి తిమింగలాలు ఎదురవుతాయి. నిజంలో అవి 30 మీటర్ల దాకా పెరుగుతాయని చదవడం వేరు. దాని పక్కన ఈదుతూ ఈదుతూ "ఇంకా తోక రాలేదేంటి" అనుకోవడం వేరు.

ఇక తిట్లు. ఇంత నమ్మకంగా మొదలుపెట్టినవాళ్లు మధ్యలో భయపడిపోయారు. "ఇది గేమే కాదు" అంటారేమోనని తలుపులు పెట్టారు. వాటిని తెరవడానికి గొలుసులు లాగాలి, పగడాల అడ్డు తొలగించడానికి చిన్న డ్రోన్‌ని నిద్రలేపాలి. వీటిలో ఆలోచించాల్సింది ఏమీ లేదు, ఉత్త కాలయాపన. ఆ తర్వాత మూడు కోణాల మందుపాతరలు. దగ్గరికెళ్తే షాక్ కొడతాయి, కానీ చావం. మరి ఆ మాత్రం దానికి ముళ్లెందుకు? సముద్రంలోని ప్రాణశక్తిని పీల్చేసే యంత్రాల కథ చెప్పాలి కాబట్టి పెట్టారని తెలుసు. అయినా ఆ భాగం వచ్చినప్పుడల్లా భుజాలు బిగుసుకుంటాయి.

ఇంకో చోద్యం చెప్తాను. ధ్యానం విగ్రహాలన్నీ వెతికి కూర్చుంటే ట్రోఫీ ఇస్తారు. ధ్యానానికి కప్పు!

ఇక్కడ కథ కొంచెం బయటపెట్టక తప్పదు, ఆడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. మనం నడిపే డైవర్ మనిషి కాదు, ఆ యంత్రాలు చేసిన చేతులే చేసిన మరబొమ్మ. ఆక్సిజన్ మీటర్ ఎందుకు లేదో అప్పుడు తెలుస్తుంది. ఆడేవాళ్ల సౌకర్యం కోసం తీసేశారనుకున్నది కథలో భాగమైపోతుంది. మొదట్లో మన డ్రోన్‌ని కొరికేసి విలన్‌లా కనిపించిన తెల్ల సొరచేప విషయంలోనూ అంతే. అది దేని మీద పోరాడుతోందో చూశాక పాత దృశ్యాలన్నీ తిరగబడతాయి. ఒక్క డైలాగ్ లేకుండా ఇది సాధించారు.

2024లో వచ్చిన ఎండ్‌లెస్ ఓషన్ లూమినస్‌ని దీని పక్కన పెట్టి చూడండి. 500కి పైగా జాతులు, ఒకే సముద్రంలో 30 మంది దాకా కలిసి ఈదొచ్చు, చావు లేదు. కాగితం మీద స్వర్గమే. కానీ చేసేదంతా స్కానింగ్. కథలో తర్వాతి అధ్యాయం తెరుచుకోవాలంటే ఇన్ని జీవుల్ని స్కాన్ చేసి రావాలి. సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో సరుకుల మీద బీప్ కొట్టినట్టు తిమింగలం మీద బటన్ నొక్కి పక్కకి పోతాం, దాని మొహం కూడా చూడం. ఈ సిరీస్‌లో నింటెండో వాళ్ల వీ (Wii) అనే గేమ్ మెషీన్ కోసం 2007లో వచ్చిన మొదటి గేమ్‌లో చేపల్ని చేత్తో నిమరొచ్చు, మేత వేయొచ్చు. గ్రాఫిక్స్ పెరిగి చెయ్యి మాయమైంది.

"రెండు గంటల్లో అయిపోయింది, డబ్బులు దండగ" అని అబ్జూ గురించి రాసేవాళ్లకి ఒకటే జవాబు. నలభై గంటల గేమ్స్ బోలెడున్నాయి, అవి ఆడుకోండి. దీన్ని రెండు గంటల్లో ముగించారంటే విగ్రహాల దగ్గర కూర్చోలేదన్నమాట. గుహలోంచి గుహలోకి పరిగెత్తి, చివర్లో ఇంతేనా అంటే తప్పు ఎవరిది?

కొనేవాళ్లు డిస్కౌంట్ కోసం ఆగినా పర్లేదు, హెడ్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోండి. ట్రోఫీల లిస్టు తెరవకండి. తల తిరిగే అలవాటు ఉంటే పెద్ద తెరకి కొంచెం దూరంగా కూర్చోండి, ఇరుకైన చోట కెమెరా గిర్రున తిరుగుతుంది. ఆ స్టూడియోవాళ్లకి నా మాట చేరేది లేదు గానీ, చేరితే అడిగేది ఒకటే. తలుపులు, గొలుసులు, మందుపాతరలు తీసేసిన వెర్షన్ ఒకటి విడుదల చేయండి. పూర్తి ధర పెట్టినా కొంటాను.