జపాన్ వేసవి పాటను నిలబెట్టింది కొనే అమ్మాయే

2024 జూన్‌లో టోక్యో డోమ్ వేదిక మీద కొరియా బృందం న్యూజీన్స్‌కు చెందిన హన్నీ ఒక పాత జపనీస్ పాట పాడింది. 1980 జులై 1న విడుదలైన, గాయని మత్సుదా సెయికో పాట 'ఆవోయి సాంగోషో', అంటే నీలి పగడపు దిబ్బ. ఆ వీడియో ఎంతగా చుట్టేసిందో మళ్లీ చెప్పక్కర్లేదు. నాకు చిరాకు తెప్పించింది ఆ తర్వాత వచ్చిన కథనాలు. ఏది తెరిచినా నడివయసు మగవాళ్ల పరవశమే. తమ కుర్రతనం తిరిగొచ్చిందట, కళ్లు చెమర్చాయట. చెమర్చనివ్వండి, తప్పులేదు. కానీ ఆ పాట వాళ్ల సొత్తు ఎప్పుడైంది? దాని మాటలు రాసింది ఒక మహిళ, మియురా యోషికో. ప్రేమలో పడ్డ అమ్మాయి తన మనసులో మాట తానే చెప్పుకునే పాట అది. చూసి మురిసే మగవాడికి అందులో పెద్ద పనేమీ లేదు.

జపాన్‌లో మహిళలు పాడిన వేసవి హిట్లను బబుల్‌గమ్ సరుకుగా కొట్టిపారేయడం అక్కడా ఉంది, జపాన్ పాప్ వినే మన కుర్రకారులోనూ ఉంది. 'అవి ప్రకటనల కోసం పుట్టిన పాటలే కదా' అన్నది ప్రధాన ఆరోపణ. నిజమే, చాలావరకు ప్రకటనల కోసమే పుట్టాయి. అందుకే అవి బాగున్నాయని నా వాదన.

అక్కడి వేసవి లెక్క మనలా కాదు. జూన్‌లో ముసురు పట్టి, జులైలో అది వదిలాక అసలు వేసవి మొదలవుతుంది. పాటలు మాత్రం అంతవరకు ఆగవు. హయామి యూ పాడిన 'నత్సుఇరో నో నాన్సీ' 1983 ఏప్రిల్ 1నే వచ్చేసింది, కోకా కోలా ప్రకటన కోసం. చెర్రీ పూల కాలంలోనే సముద్రపు గాలిని అమ్మకానికి పెట్టారన్నమాట. ఇంకా రాని సీజన్ మీద ఆశ పుట్టించడం ఈ పాటల పని. ఆ ఆశ ఎవరిలో పుట్టాలి? సరుకు ఎవరు కొంటారో వాళ్లలో.

ఇక్కడ సెయికో తొలి పాట కథ చెప్పాలి. 1980 ఏప్రిల్‌లో వచ్చిన 'హదాషీ నో కిసెత్సు' సౌందర్య సాధనాల కంపెనీ షిసెయిడో వారి ఫేస్ వాష్ ప్రకటన పాట. ఆ సరుకు పేరు 'ఎకుబో', అంటే సొట్టబుగ్గ. ప్రకటనలో నటించడానికి సెయికో ఆడిషన్‌కు వెళ్లింది, కానీ ఆమెకు సొట్ట పడదు. దాంతో తెర మీద ఇంకో అమ్మాయి నవ్వింది, వెనక సెయికో పాడింది. దేశం ముందు విన్నది ఆమె గొంతునే, ముఖం తర్వాత వచ్చింది. ఐడల్, అంటే కంపెనీలు తీర్చిదిద్దే కుర్ర పాప్ తార, అంటే ముఖమే అనుకునే రంగంలో ఇది చిన్న సంగతి కాదు. సరే, ఫేస్ వాష్ కొనేది ఎవరు? పదహారు, పద్దెనిమిదేళ్ల అమ్మాయిలు. మగపిల్లలు ఈలలు వేసే పాట వాళ్లకు ఎందుకు? 'ఇది నా సంగతే' అనిపించే పాట కావాలి. అలాంటి పాటకు ఆ వయసు అమ్మాయి మనసు తెలిసిన కలం కావాలి. ఆ కలం మియురాది. 1981లో అదే ఎకుబో కోసం ఆమే 'నత్సు నో తోబిరా' రాసింది. అందులో అమ్మాయి జుట్టు కత్తిరించుకుని వస్తుంది, అబ్బాయి తత్తరపడతాడు. అతని సిగ్గును గమనించి మనకు చెప్పేది ఆమె. చూపు ఆమెది, చూడబడేవాడు అతను. పల్లవిలో 'ఫ్రెష్ ఫ్రెష్ ఫ్రెష్' అని సరుకు పూర్తి పేరు 'ఎకుబో మిల్కీ ఫ్రెష్'లోని మాట సిగ్గులేకుండా మోగుతూనే ఉంటుంది. మోగనివ్వండి, ఆ చూపు ముందు అదెంత?

1982లో సెయికో పాడిన 'కొముగిఇరో నో మర్మెయిడ్' రాగం కూడా ఒక మహిళదే. అప్పటికే తానే పెద్ద స్టార్ అయిన మత్సుతోయా యుమి, కురెతా కరుహో అనే మారుపేరు పెట్టుకుని దాన్ని కట్టింది. ఇంకా వెనక్కి వెళితే మినామి సావోరి తొలి పాట 'సెవెంటీన్' ఉంది. 1971 జూన్‌లో వచ్చింది. పాడిన అమ్మాయిది అప్పటికి ఇంకా అమెరికా పాలనలో ఉన్న ఒకినావా. మాటలు అరిమా మియెకోవి, ఆమె కూడా మహిళే. నీటి అంచున పరుగెడుతూ, వచ్చి పట్టుకోమని అబ్బాయిని పిలిచే పాట అది. 1989లో మోరితకా చిసాతో దాన్నే కొత్తగా పాడి హిట్ చేసింది. ఆ తర్వాత సొంత మాటలతో 'వతాషి నో నత్సు' రాసి 1993లో విమాన సంస్థ ఏఎన్ఏ ఒకినావా ప్రచారానికి ఇచ్చింది. మళ్లీ ప్రకటనే. కానీ ఈసారి కలం కూడా పాడే అమ్మాయిదే.

రాగం కట్టినవాళ్లు, కంపెనీలు నడిపినవాళ్లు ఎక్కువమంది మగవాళ్లే కదా, అసలు జపాన్ వేసవి అంటే సదరన్ ఆల్ స్టార్స్, ట్యూబ్ లాంటి మగ గొంతు ముందుండే బ్యాండ్లే కదా అంటారు. సుత్సుమి క్యోహెయి రాగం లేకుండా 'సెవెంటీన్' లేదు, ఒప్పుకుంటాను. అమ్మాయిల సొంత గొంతు వినిపించాక కూడా యజమానులు మగవాళ్లే అన్నదీ నిజమే. కానీ నా ప్రశ్న యజమాని గురించి కాదు, పాట ఎవరితో మాట్లాడుతోందన్నది.

ప్రిన్సెస్ ప్రిన్సెస్ సంగతి చూడండి. ఐదుగురు అమ్మాయిల బ్యాండ్. 1983లో ఒక ఆడిషన్‌లో కంపెనీ ఏరి జట్టుకట్టింది. మొదట్లో వేరే పేరు, ఎవరో ఇచ్చిన పాటలు. వాళ్లు ఆ చట్రం విదిలించుకుని సొంతంగా రాసుకున్న పాటల్లో 'సెకాయి దె ఇచిబాన్ అత్సుయి నత్సు' ఒకటి. డ్రమ్స్ వాయించే తొమితా క్యోకో మాటలు, గాయని ఒకుయి కావోరి రాగం. 1987లో వస్తే పెద్దగా పట్టించుకోలేదు. 1989 జులైలో మళ్లీ విడుదల చేస్తే మొదటి స్థానానికి వెళ్లింది. ఆ ఏడాది, పాటల అమ్మకాలు లెక్కగట్టే ఒరికాన్ వార్షిక జాబితాలో మొదటిది వాళ్ల 'డైమండ్స్', రెండోది ఈ వేసవి పాట. అమ్మాయిలే రాసి, వాయించి, పాడినా దేశమంతా కొంటుందని అమ్మకాలే తేల్చాక ఇక వాదన దేనికి? పదేళ్ల తర్వాత, 1999 ఆగస్టులో ఐకో తానే రాసి, రాగం కట్టి 'హనాబి' పాడినప్పుడు అదొక వింతగా ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు తిరగబడ్డ కథ. 2010 మేలో ఏకేబీ48 అనే ఐడల్ అమ్మాయిల బృందం 'పోనీటైల్ టు షుషు' తెచ్చింది. రాసింది బృందాన్ని నడిపే అకిమొతో యసుషి. ఇక్కడా ఒక అమ్మాయి పరుగెడుతుంది. కానీ చెప్పేది ఆమె కాదు, ఆమె ఊగే జుట్టును చూస్తూ వెంటపడే అబ్బాయి. పాడేది మాత్రం అమ్మాయిల గుంపు. మరుసటి ఏడాది మేలో 'ఎవ్రీడే కచూషా', మళ్లీ అదే చూపు. ఆ సీడీలో బృందం సభ్యుల ర్యాంకులు తేల్చే ఎన్నికకు ఓటు ఉంది. మొదటి వారంలోనే 13 లక్షలకు పైగా అమ్ముడైంది. నచ్చిన అమ్మాయిని గెలిపించడానికి ఒక్కో అభిమాని కట్టలు కట్టలుగా కొన్నాడు. కొనేవాడు మారాడు, పాటలో మాట్లాడేవాడూ మారాడు. ఫేస్ వాష్ అమ్మినా పాడుకాని పాట ఓటు అమ్మితే పాడైంది.

అందుకే వాణిజ్యం కళను చంపుతుందన్న పడికట్టు మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మన సినిమా పాట కూడా ప్రకటనే. సినిమా కన్నా వారాల ముందు లిరికల్ వీడియోగా వచ్చి, మొదటి రోజు టికెట్లు అమ్మిపెట్టడం దాని ఉద్యోగం. ఆ టికెట్ కొనేది ప్రధానంగా కుర్రాళ్లేనని నిర్మాత లెక్క. దాని ఫలితం ఐటెం సాంగ్‌లో చూస్తూనే ఉన్నాం. గొంతు గాయనిది, కోరిక హాల్లో కూర్చున్నవాడిది.

ఆ జపాన్ పాటలకు దగ్గరి చుట్టం మన సినిమాల్లో లేదు. బతుకమ్మ పండగ దగ్గరపడగానే ఏటేటా యూట్యూబ్‌లో కొత్త పాటలు వస్తాయి చూశారా, అక్కడుంది. సీజన్ ఉంది, పాడే ఆడవాళ్లున్నారు, విని చుట్టూ తిరిగి ఆడే ఆడవాళ్లున్నారు, మధ్యలో వచ్చే ప్రకటనల డబ్బూ ఉంది. ఇన్ని ఉన్నా మన సంగీత సమీక్షల్లో వాటికి నాలుగు వాక్యాలు దొరకవు. ఏ హీరో పరిచయ గీతం ఎన్ని గంటల్లో ఎన్ని వ్యూస్ దాటిందో రాయడానికి మాత్రం పేజీలు ఖాళీగా ఉంటాయి.