మూడు నెలలకో రక్తపరీక్ష

సెప్టెంబరు 22 ప్రపంచ సీఎంఎల్ దినం. ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తెగి ఒకదాని చోట మరొకటి అతుక్కోవడంతోనే దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా (సీఎంఎల్) అనే ఈ రక్తక్యాన్సర్ మొదలవుతుంది. పొట్టిగా మిగిలిపోయిన 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ గుర్తించారు. అది ముక్కలు తారుమారు కావడం వల్లేనని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే బీసీఆర్-ఏబీఎల్ జన్యువు ఒక ఎంజైమును తయారు చేస్తుంది. ఎముక మజ్జ తెల్లకణాలను పుట్టిస్తూనే ఉండేలా అది క్షణం ఆగకుండా పురమాయిస్తుంది. ఎంజైముకు శక్తినిచ్చే ఏటీపీ చేరాల్సిన గూటిలో తానే ముందు చేరి ఆ పనిని ఆపే మాత్ర ఇమాటినిబ్. 2001 మేలో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ‘ఐరిస్’ అధ్యయనంలో ఈ మాత్రతో చికిత్స మొదలుపెట్టినవారిలో పదేళ్ల తర్వాత కూడా 83 శాతం మంది జీవించి ఉన్నారు. అంతకుముందు వైద్యుల చేతిలో ప్రధానంగా ఉన్నవి ఇంటర్‌ఫెరాన్ సూదులు, దాత దొరికిన కొద్దిమందికి మజ్జ మార్పిడి.

ఈ మాత్రతో తెలుగునేలకు దగ్గరి బంధమే ఉంది. నోవార్టిస్ కంపెనీ అమ్మే గ్లివెక్ బ్రాండు నెలకు లక్షా 20 వేల రూపాయల దాకా పలికిన రోజుల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో, ‘వీనాట్’ పేరుతో అందులో పదో వంతుకన్నా తక్కువకే జెనరిక్‌ను తెచ్చింది. పాత పదార్థానికి కొత్త స్ఫటిక రూపం ఇచ్చినంత మాత్రాన పేటెంటు రాదని, చికిత్సాఫలం పెరిగిందని చూపాల్సిందేనని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేటెంట్ల చట్టంలోని 3(డి) సెక్షన్ ఆధారంగా నోవార్టిస్ అప్పీలును తోసిపుచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇమాటినిబ్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ధర దిగింది. మరి మాత్ర పనిచేస్తోందో లేదో చూసేదెవరు? సీఎంఎల్ చికిత్సలో సగం మాత్ర అయితే మిగతా సగం రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచేందుకు మూడు నెలలకోసారి చేసే పీసీఆర్ పరీక్ష. మాత్ర మొదలైన కొద్ది వారాలకే రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ పరీక్ష మామూలు స్థితికి వస్తుంది, ప్లీహం తగ్గి ఎడమ డొక్కలో బరువు పోతుంది. ‘జబ్బు తగ్గింది’ అని ఇంటిల్లిపాదీ నమ్మేది ఇక్కడే. సీబీపీకి కనిపించని క్యాన్సర్ కణాలు మజ్జలో ఇంకా కోట్లల్లో ఉంటాయి. వాటి లెక్క తేలేది పీసీఆర్‌లోనే. ల్యాబులన్నిటికీ ఒకే కొలతగా పెట్టిన అంతర్జాతీయ స్కేలుపై ఆ అంకె 3 నెలలకు 10 శాతానికి, 6 నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. 6 నెలలకూ 10 దాటి ఉన్నా, ఏడాదికి 1 దాటి ఉన్నా మందు విఫలమైనట్టే. అప్పుడు మాత్రలు తప్పాయేమో ముందుగా విచారించాలి, ఆపై ఆ జన్యువులో కొత్త మార్పు వచ్చిందేమో చూసే మ్యుటేషన్ పరీక్ష చేయించాలి. టీ315ఐ అనే మార్పు వచ్చిందంటే ఇమాటినిబ్ మాత్రమే కాదు, దాని తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ మాత్రలు కూడా పనిచేయవు. మిగిలే దారి పోనాటినిబ్ లేదా అసిమినిబ్. సంగతి ఆలస్యంగా తెలిస్తే జబ్బు బాగా ముదిరిన బ్లాస్ట్ దశకు చేరిపోతుంది, అక్కడి నుంచి వెనక్కి తేవడం చాలా కష్టం.

మాత్రలు తప్పితే ఏమవుతుందో లండన్ హ్యామర్‌స్మిత్ వైద్యులు 2010లో అంకెలతో చూపారు. 90 శాతానికి మించి మాత్రలు వేసుకున్నవారిలో ఆరేళ్లకు 0.1 శాతం మెట్టు చేరే అవకాశం 94.5 శాతం. అంతకన్నా తక్కువగా వాడినవారిలో అది 28.4 శాతమే. 90 శాతమంటే నెలకు మూడు మాత్రలు తప్పడం! పెళ్లికి వెళ్తూ స్ట్రిప్పు మరిచిపోవడం, డిపోలో మందు లేదని వారం తర్వాత రమ్మనడం చాలు, ఆ మూడూ పోతాయి.

తొలిదశలో మోతాదు రోజుకు 400 మిల్లీగ్రాములు. 400 మాత్ర ఒకటి, లేదా 100 మాత్రలు నాలుగు. స్ట్రిప్పు మారిన నెలలో అలవాటుగా ఒక్కటే మింగితే అందేది పావు మోతాదే. ఫార్మసిస్టు ఈ మాట నోటితో చెప్పి, కవరు మీద రాసి ఇవ్వాలి. ఈ మందు కడుపులో మంట పుట్టిస్తుంది కాబట్టి భోజనంతో, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. మింగలేనివారు 400 మాత్రను 200 మిల్లీలీటర్ల నీళ్లలో చెంచాతో కలిపి, కరగగానే తాగాలి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు వేసుకోకూడదు. కళ్ల చుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం, వికారం మామూలే. వాటికి భయపడి సొంతంగా మానేయకూడదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వెయ్యికన్నా, ప్లేట్‌లెట్లు 50 వేలకన్నా తగ్గితే మందును కొన్నాళ్లు ఆపేది వైద్యులు. అవి 1,500కూ 75 వేలకూ చేరాక మళ్లీ మొదలుపెట్టేదీ వారే.

మన దగ్గర తరచూ జరిగే మరో పొరపాటు క్షయ మందుతో. రిఫాంపిసిన్ వాడితే రక్తంలో ఇమాటినిబ్ మూడింట రెండు వంతులకు పైగా పడిపోతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌లతోనూ ఇదే చిక్కు. గర్భిణులకు ఈ మాత్ర పనికిరాదు, బిడ్డకు లోపాలు రావచ్చు. మన దేశంలో సీఎంఎల్ రోగుల్లో నలభై ఏళ్ల లోపువారు చాలామంది. కాబట్టి బిడ్డను కనాలనుకునే స్త్రీతో ఈ సంగతి తొలి సంప్రదింపులోనే మాట్లాడాలి. నెల తప్పాక చెబితే ఆలస్యమే.

పీసీఆర్‌కు కొన్ని వేలు కావాలి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో పెద్ద ఆసుపత్రికి రావాలంటే దారిఖర్చులు, పోయిన రోజుకూలి అదనం. మాత్ర ఉచితంగా అందే చోట కూడా పరీక్షకు జేబు తడుముకునేవారు దాన్ని వాయిదా వేస్తూ పోతారు. ఇది రోగి నిర్లక్ష్యమని మేం అనుకోవడం లేదు. ఏడాదికి నాలుగు పరీక్షల ఖర్చును రెండు రాష్ట్రాల ఆరోగ్య పథకాలూ మాత్రతో కలిపి ఒకే ప్యాకేజీగా భరించాలి. అంకె దిగి స్థిరపడిన రోగికి మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి, పరీక్షకు వచ్చిన రోజే ఇవ్వాలి. అప్పుడు రెండు పనులూ ఒకే ప్రయాణంలో తెములుతాయి.

యంత్రాల కొరత సాకుగా చెప్పే వీల్లేదు. క్షయ నిర్ధారణకు జిల్లాల్లో వాడుతున్న జెన్‌ఎక్స్‌పర్ట్ వ్యవస్థ మీదే బీసీఆర్-ఏబీఎల్ కార్ట్రిడ్జి (యంత్రంలో పెట్టే పరీక్ష డబ్బీ) కూడా నడుస్తుంది. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసిన 4 మిల్లీలీటర్ల రక్తం చాలు. ఫలితం రెండు, మూడు గంటల్లో అంతర్జాతీయ స్కేలు మీదే వస్తుంది. రక్తంలోని ఆర్ఎన్ఏ త్వరగా పాడవుతుంది కాబట్టి నమూనా హైదరాబాద్ చేరేదాకా ఆగడం కన్నా తీసిన చోటే పరీక్షించడం మేలు. ఒక జాగ్రత్త ఉంది. ఈ కార్ట్రిడ్జి బీసీఆర్-ఏబీఎల్‌లో ఎక్కువమందికి ఉండే పీ210 రకాన్నే కొలుస్తుంది. అరుదైన రకం ఉన్న రోగిలో జబ్బు ఉన్నా సున్నా చూపిస్తుంది. అందుకే జబ్బు తేలిన రోజే రకం ఏమిటో పెద్ద ల్యాబులో నిర్ధారించి రోగి కార్డు మీద రాయాలి. ముందుగా ఉభయ రాష్ట్రాల్లో రెండేసి జిల్లా ఆసుపత్రుల్లోనైనా ఈ ఏడాదే దీన్ని మొదలుపెట్టాలి. కార్ట్రిడ్జిల కొనుగోలు ఉత్తర్వు ఈ నెలలోనే వెలువడాలి.