ఎమ్మిగనూరుకు ఎన్ని ఎమ్ములు?

పాప ఫీజు కట్టడానికి అదే ఆఖరి రోజు. రాత్రి పదిన్నరకు, కర్నూల్లో మా వీధంతా గురకపెడుతుంటే, నేను బ్యాంకు సైట్ తెరిచాను. పాస్‌వర్డ్ తప్పంది.

ఆర్నెల్ల కిందట నేనే పట్టుబట్టి మార్చిన పాస్‌వర్డ్ అది. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, ఆశ్చర్యార్థకం అన్నీ కలిపి, దొంగవాడి తాత దిగొచ్చినా దొరకనట్టు పెట్టాను. ఎక్కడా రాసుకోకూడదంటారు కదా, రాసుకోలేదు. రెండుసార్లు కొట్టి, మూడోసారికి లాక్ అవుతుందని టెన్షన్ పుట్టి, ‘మర్చిపోయారా?’ అన్నచోట నొక్కాను.

రహస్య ప్రశ్న వచ్చింది. మీ తల్లి పుట్టిన ఊరేది?

ఓస్, ఇంతేనా! ఎమ్మిగనూరు. మా తాత మగ్గం నేసిన ఊరు. అయితే ఇంగ్లీషులో కొట్టాలి. ఆ ఊరికి ఇంగ్లీషులో ఒక్క స్పెల్లింగ్ ఏడిస్తే కదా! ఒక బోర్డు మీద ‘వై’తో మొదలవుతుంది, ఇంకోదాని మీద ‘ఈ’తో. ఎమ్ము ఒకటా, రెండా? చివర ‘యూ’ ఒకటా, ‘ఓ’లు రెండా? ఖాతా తెరిచిన రోజు ఏ బస్సు బోర్డు చూసొచ్చానో! ‘వై’తో కొట్టాను, కాదంది. ‘ఈ’తో కొట్టాను, కాదంది. సొంత మేనమామల ఊరి పేరు రాయడం రాని డిగ్రీవాణ్ణి.

ఇక ఓటీపీయే దిక్కు. పంపించామంది బ్యాంకు. నా ఫోన్ ఉలకలేదు, పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఖాతాకు ఇచ్చింది నా పాత నెంబరు. ఆ ఫోన్ సిమ్‌తో సహా అమ్మకిచ్చేశాను. అమ్మేమో ఆదోనిలో పిన్నమ్మ ఇంట్లో ఉంది.

“అమ్మా, నీ ఫోన్‌కు ఆరంకెలు వచ్చుంటాయి, చెప్పు.”

అటువైపు కాసేపు మౌనం. “ఎవురు నువ్వు?”

“నీ కొడుకునమ్మా! పేరు కనపడలేదా?”

“పేరు పడినా, గొంతు అదే అయినా నమ్మొద్దని నా కొడుకే చెప్పినాడు.”

చెప్పింది నిజమే. సంక్రాంతికి అందరినీ కూర్చోబెట్టి గంటసేపు వాయించాను. ఓటీపీ మనమే చెప్పేస్తే, బ్యాంకుకు తెలిపేదాకా పోయిందంతా మన నెత్తినేనని రిజర్వు బ్యాంకు 2017లోనే తేల్చిందనీ, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలనీ. ఆ రోజు అమ్మ వంకాయలు తరుగుతూ ఊకొట్టింది. వినడం లేదేమో అనుకున్నాను.

“నా కొడుకువే అయితే, నేను పుట్టిన ఊరు చెప్పు.”

“ఎమ్మిగనూరు!”

“అది ఊరందరికీ తెలుసులే. కొండారెడ్డి బురుజు కాడ నా కొడుకు తప్పిపోయిన పొద్దు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?”

“నాకప్పుడు నాలుగేళ్లమ్మా!”

“చూసినావా, తెలీదు!”

తెర మీద నలభై సెకన్లు, ముప్పై, పది. గట్టిగా అరిచాను. ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే బిజీ, మళ్లీ చేసినా బిజీ. పన్నెండు దాటింది. పొద్దున పోయి అపరాధ రుసుంతో సహా కట్టొచ్చాను.

సాయంత్రం అమ్మే ఫోన్ చేసింది.

“రాత్రి ఎవుడో అచ్చం నీ గొంతుతోనే చేసినాడురా. నీ మాదిరే కసురుకున్నాడు కూడా. నువ్వేం భయపడొద్దు, పిన్నమ్మ మనవడితో ఆ నెంబరు బ్లాక్ చేయించినాలే.”