సవరణ: ఈ-మౌంటెన్ బైక్‌లో కేబుల్ మార్చాలంటే మోటార్ దించాలి

ఈ-మౌంటెన్ బైక్ (మోటార్, బ్యాటరీ ఉన్న కొండదారుల సైకిల్) గేర్ సెట్ మార్చడం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, ఫ్రేమ్ లోపలి కేబుల్ సంగతి చెబుతూ, పాత అవుటర్ (గేర్ వైరు మీద ఉండే గొట్టం లాంటి తొడుగు) చివరకు కొత్తదాన్ని టేపుతో అంటించి లాగేస్తే చాలు, మోటార్ జోలికి వెళ్లక్కర్లేదు అని రాశాను. అది తప్పు. మామూలు సైకిల్‌కి కుదురుతుందేమో గానీ, పెడళ్ల దగ్గర మోటార్ ఉన్న బండికి తరచూ కుదరదు.

చాలా ఫ్రేముల్లో అవుటర్ బ్యాటరీ పక్కగా దిగి, మోటార్‌కీ ఫ్రేముకీ మధ్య ఉన్న ఇరుకు సందులోంచి వెనక్కి వెళుతుంది. టేపు చుట్టిన లావు అక్కడే ఇరుక్కుంటుంది. మొన్న నేను గట్టిగా లాగితే స్పీడ్ సెన్సర్ వైరు కనెక్టర్‌లోంచి ఊడొచ్చింది.

ముందు బ్యాటరీ తీసేయండి. మోటార్ బోల్టులు విప్పి, బరువు వైర్ల మీద పడకుండా చేత్తో పట్టుకుని కొద్దిగా దించండి. పాత అవుటర్ తీయకముందే దాని గుండా కొత్త ఇన్నర్ వైరు (తొడుగు లోపల ఉండే సన్నని తీగ) దూర్చండి. అవుటర్ బయటికి లాగాక ఆ వైరు లోపలే ఉంటుంది, దాని మీదుగా కొత్త అవుటర్ తోసుకుంటూ వెళ్లాలి. మోటార్ ఎక్కించేటప్పుడు అవుటర్ ఎక్కడా నలగడం లేదని టార్చి వేసి చూడండి. బోల్టుల బిగింపు మాన్యువల్‌లో ఉన్నంతే.

ఇంకొకటి, బ్రేక్ ఆయిల్ ఏదైనా ఒకటే అన్నట్టు రాశాను. కాదు. షిమానో కంపెనీ హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులకు మినరల్ ఆయిలే వాడాలి. డాట్ ఫ్లూయిడ్ (ఇంకో రకం బ్రేక్ ఆయిల్) పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై బ్రేకు పట్టదు. దిగుడు దారిలో అది ప్రాణాల మీదికి వస్తుంది. నా మాట నమ్మి ఎవరైనా పోసి ఉంటే దయచేసి ఆ బండి తొక్కకండి. నన్ను క్షమించండి.