సవరణ: 1858లో సిరొంచ, అహేరి

1858 చాందా (నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్) తిరుగుబాటుపై మా పోస్టులో "పన్నుల బాధతో సిరొంచ, అహేరి జమీందార్లంతా ఈస్టిండియా కంపెనీపై లేచారు" అని ఉంది. ఈ వాక్యం తీసేస్తున్నాం.

సిరొంచ అప్పుడు నిజాం ఇలాకా. ఆంగ్లేయులకు దక్కింది 1860లో నిజాంతో ఒప్పందంతో.  

కంపెనీపై లేచింది మొలంపల్లి జమీందారు బాబూరావు శెడ్మాకే, ఘోట్ జమీందారు వెంకటరావు. బాబూరావును పట్టించింది అహేరి జమీందారిణి లక్ష్మీబాయే. 1858 అక్టోబరు 21న ఆయనను చాందాలో ఉరి తీశారు. జప్తయిన ఘోట్ ఊళ్లు ఆమెకు బహుమానం. 1854లో వీళ్లున్న నాగపూరు రాజ్యం కంపెనీలో కలవడం తిరగబడ్డవాళ్లకూ, అహేరికీ ఒకటే కాబట్టి, పన్నులొక్కటే కారణమంటే అహేరి కంపెనీ వైపు ఎందుకు నిలిచిందో లెక్క కుదరదు. పక్క జమీందారీ మీద ఆశనూ చూడాలి.