ఎక్సెల్ కూడా చేసుకోవచ్చు సార్

సికింద్రాబాద్‌లో ఒక కంప్యూటర్ షాపు. పేరు అనవసరం. చేత్తో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పీసీని చూపిస్తూ కౌంటర్ దగ్గరి కుర్రాడు, "ఇందులో విండోస్ ఉంది సార్. గేమ్సే కాదు, అవసరమైతే ఎక్సెల్ కూడా చేసుకోవచ్చు" అన్నాడు. ఆ మాట విని వారమైంది. నాకింకా సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

ఎంత ముందుచూపు! ఏడంగుళాల స్క్రీను, అటొక జాయ్‌స్టిక్, ఇటొక జాయ్‌స్టిక్. ఇన్నాళ్లూ మన ఆడిటర్లకు తక్కువైంది ఇదే. నెలలో 20వ తారీఖు, జీఎస్టీ రిటర్నుకు ఆఖరి రోజు. ఆడిటర్ గారు సోఫాలో కాళ్లు బార్లా చాపుకుని, కుడి బొటనవేలితో బాణం గుర్తును బీ14 గడి వైపు తోలుతున్నారు. అది బీ14 దాటేసి బీ19లో దిగింది. వెనక్కి లాగితే ఏ12కి పోయింది. పక్కన గుమస్తా నిలబడి, లారీని రివర్స్ చేయించే క్లీనర్‌లాగా "రానీయ్, రానీయ్, కొంచెం కుడికి, ఆఁ... హోల్డాన్!" అంటున్నాడు. హమ్మయ్య అని ఆయన నొక్కారు. స్క్రీను కింది నుంచి కీబోర్డు లేచి సగం షీటును మింగేసింది. బీ14 ఇప్పుడు దాని కింద ఉంది. క్లయింటు ఫోన్ మీద ఫోన్. కంగారులో ఆయన వేలు ఏ ట్రిగ్గర్ మీద పడిందో, చేతులు గడగడా వణికాయి. వణికింది ఆయన కాదు, పరికరం. బ్యాటరీ 11 శాతం. "సార్, పోనీ నేను కాయితం మీద కూడేయనా?" అని గుమస్తా.

సరే, ఎక్సెల్ వదిలేసి ఆడుకుందామనుకునే అల్పబుద్ధులు కూడా కొందరుంటారు. వాళ్లనూ విండోస్ 11 ఊరికే వదలదు. ఆన్ చేయగానే విచారణ మొదలు. ఏ దేశం నాయనా? ఏ కీబోర్డు? (లేని కీబోర్డు గురించి.) రెండో కీబోర్డు కూడా కావాలా? మైక్రోసాఫ్ట్ ఖాతా ఉందా? నువ్వెక్కడున్నావో చెప్పనా, నీకు నప్పే ప్రకటనలు చూపించనా? మధ్యలో ఒక ఆణిముత్యం: ఈ పరికరాన్ని దేనికి వాడతావు, చదువుకా, వ్యాపారానికా, కుటుంబానికా, గేమింగ్‌కా? రెండు జాయ్‌స్టిక్‌లు ఉన్నదాన్ని అడుగుతోంది! పెళ్లికొడుకుని పీటల మీద కూర్చోబెట్టి, తమరు ఏ పని మీద వచ్చారని పురోహితుడు అడిగినట్టు. గేమింగ్‌కే మహాప్రభో అని చెప్పుకున్నాక, అయితే ఎక్సెల్ ఉండే మా ఆఫీసు ప్రోగ్రాముల చందా కడతావా అంటుంది. ఆ తర్వాత అప్‌డేట్లు. అవయ్యేసరికి ఆట మీద మోజు తీరిపోయి, మనిషి నిజంగానే ఎక్సెల్ తెరిచే స్థితికి వస్తాడు. కుర్రాడు అబద్ధం చెప్పలేదు.

ఇంతకన్నా సులువుగా ఉండే దారి లేదా అంటే, 2022 ఫిబ్రవరి నుంచీ ఉంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల కొట్టు నడిపే వాల్వ్ కంపెనీ వాళ్ల స్టీమ్ డెక్. అదీ చేత్తో పట్టుకుని ఆడుకునేదే. అందులో విండోస్ బదులు ఉండేది స్టీమ్ ఓఎస్, అంటే లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్. ఆన్ చేస్తే ఆటలే కనిపిస్తాయి. బటన్ నొక్కితే పడుకుంటుంది, మళ్లీ నొక్కితే ఆట ఆగిన చోటు నుంచే లేస్తుంది. వాల్వ్ వాళ్లేం సన్యాసులు కారు, వాళ్ల కొట్లో ఆటలు అమ్ముడుపోవాలన్నదే వాళ్ల తాపత్రయం. 2015లో లినక్స్‌తోనే నడిచే స్టీమ్ మెషీన్లనే గేమింగ్ పీసీలు పెట్టి చేతులు కాల్చుకున్నారు కూడా. లినక్స్‌లో ఆడటానికి అప్పట్లో ఆటలేవి? ఆ దెబ్బతో బుద్ధి తెచ్చుకుని, 2018లో ప్రోటాన్ అనే దుబాసీని పెట్టుకున్నారు. ఆట విండోస్ భాషలో అడుగుతుంది, ప్రోటాన్ దాన్ని లినక్స్‌కు అర్థమయ్యేలా చెబుతుంది. సొంతూళ్లో గొంతు పెగలనివాడు పొరుగూళ్లో దుబాసీని పెట్టుకుని ఉపన్యాసం దంచినట్టు, చాలా విండోస్ ఆటలు అక్కడ హాయిగా నడుస్తున్నాయి. వాలొరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆన్‌లైన్ ఆటలు మాత్రం నడవవు. వాటిలో దొంగాట పట్టే కాపలా ప్రోగ్రాములు లినక్స్‌ను గేటు దగ్గరే ఆపేస్తారు. అవే కావాలంటే విండోస్‌కే దండం పెట్టుకోవాలి.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. 2001 నుంచి టీవీకి తగిలించి ఆడుకునే ఎక్స్‌బాక్స్ తయారు చేస్తున్నది ఎవరు? ఇదే మైక్రోసాఫ్ట్. కంట్రోలర్ పట్టుకుని సోఫాలో కూర్చున్నవాడికి ఏం కావాలో ప్రపంచంలో అందరికన్నా ముందు తెలియాల్సింది వాళ్లకు. డెక్ వచ్చిన మూడున్నరేళ్లకు, 2025 అక్టోబరులో, ఆసుస్ అనే కంప్యూటర్ల కంపెనీతో కలిసి, వాళ్ల చేతి గేమింగ్ పీసీ ఎలైకి ఎక్స్‌బాక్స్ పేరు తగిలించి తెచ్చి, ఇందులో డెస్క్‌టాప్‌ను లోడ్ చేయకుండా నేరుగా ఆటల్లోకి వెళ్లొచ్చు, దాంతో 2 జీబీ దాకా మెమరీ మిగులుతుంది అని గొప్పగా చెప్పారు. మిగులుతుందా? మరి అప్పటిదాకా ఆ 2 జీబీ ఎవడి సొమ్ము? 2023లో మన దగ్గర మొదటి ఎలై ధర 69,990 రూపాయలు. అందులో ఉన్నదే 16 జీబీ, అందులోంచే గ్రాఫిక్స్‌కూ వాటా పోవాలి. ఏడాదిపాటు జీతంలో మిగిల్చి కొనుక్కున్న కుర్రాడు, ఎన్నడూ తెరవని డెస్క్‌టాప్‌ను ఆటాడినంతసేపూ మోశాడు. అక్కర్లేని సామాను దించొచ్చని మైక్రోసాఫ్ట్ వారూ, మీకు తెలుసు, చేతనైన పనే, చేయలేదు. ఇంకెవడో పోటీకి వచ్చి పరువు తీస్తే తప్ప కదలరా?

పోనీ డెక్ కొనుక్కుందామా అంటే, వాల్వ్ దాన్ని మన దేశంలో అమ్మదు. డల్లాస్ నుంచి బావగారు వస్తుంటే, పచ్చళ్లు తీసుకెళ్లే సూట్‌కేసులో వచ్చేటప్పుడు దీన్ని తెమ్మని బతిమాలుకోవాలి. పాడైతే మళ్లీ బావగారే దిక్కు. వారంటీతో కావాలంటే ఇదిగో, ఈ షాపే.

అందుకే కుర్రాడితో, "సరేనమ్మా, ఏదీ, ఆ ఎక్సెల్ ఒకసారి తీసి చూపించు" అన్నాను.

"ఒక్క నిమిషం సార్" అని లోపలికెళ్లి మౌసూ, కీబోర్డూ పట్టుకొచ్చాడు.