సెకనులో మూడు వందో వంతులు

అమెరికాలో జింకల సీజన్ దగ్గరపడితే చాలు, విల్లు వేటగాళ్ల నోట ఒకటే జపం: "నాది మూడొందల నలభై!" బాణం వేగం సెకనుకు 340 అడుగులట. శుభం. ఆ అంకె పుట్టిన జాతకం వేరు: 70 పౌండ్ల బిగువు, 30 అంగుళాల లాగుడు, 350 గ్రెయిన్ల బాణం, అంటే 23 గ్రాములు కూడా తూగని పుల్ల. మన వీరుడి చేతులు 28 అంగుళాలే లాగుతాయి. అంగుళానికి సుమారు పది అడుగులు తరుగు. అంకె మాత్రం తరగదు.

పోనీ, 340 నిజమే అనుకుందాం. అదే విల్లుకు 500 గ్రెయిన్ల బాణం తొడిగితే వేగం 288 దగ్గరికి దిగుతుంది. ఇరవై గజాలకు మొదటిదానికి 0.18 సెకను, రెండోదానికి 0.21. సెకనులో మూడు వందో వంతులు! ఇంతకీ నారి చప్పుడు 0.05 సెకనుకే జింక చెవిన పడుతుంది. రెండు బాణాలూ ఇంకా దారిలోనే. తేలిక బాణం విల్లు శక్తినంతా మోసుకుపోలేదు, మిగిలింది చప్పుడై, లింబుల్లో, అంటే విల్లు వంగే రెండు కొమ్ముల్లో, వణుకై తేలుతుంది. బరువుదాని ద్రవ్యవేగం ఐదో వంతు ఎక్కువ. పక్కటెముక దాటించేది అది. తేలికది తిన్నగా పోతుంది, దూరం అంచనా తప్పినా కాస్త కాస్తుంది, ఒప్పుకుంటాం. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ జేబులో ఉన్నవాడికి ఆ దయ ఎందుకో!

ఇది విని కొందరు 100 గ్రెయిన్ల ములికి పీకి 200ది బిగిస్తారు. కాడ సంగతి? స్పైన్ అంటే కాడ వంగుడు కొలత: 400 స్పైన్ కాడ 28 అంగుళాల ఆధారాల మధ్య 880 గ్రాములు వేలాడదీస్తే 0.4 అంగుళం వంగేది. ముందు బరువెక్కితే వదిలినప్పుడు ఇంకా వంగి, చేపలా తోకాడిస్తూ పోతుంది. తక్కువ వంగే 300 కాడ కొనాలి. కొనరు.

ఇక సాధన. పెరట్లో, టీషర్టులో, చదునుగా, నలభై బాణాలు. చెయ్యి వేడెక్కాక బాణాల గుంపు అరచేతిలో ఇమిడిందని ఫొటో. సీజన్‌లో అదే మనిషి ఇరవై అడుగుల చెట్టు మీద, లావు కోటులో, మూడు గంటలు గడ్డకట్టి కూర్చుని, నడుము వంచకుండా చెయ్యి దించి వదులుతాడు. నారి కోటు చేతిని గీరుతుంది. ఫీల్డ్ పాయింట్‌తో, అంటే సాధనకు వాడే నున్నటి ములికితో, సరిచూసిన విల్లు, బ్రాడ్‌హెడ్‌తో, అంటే వేటకు వాడే బ్లేళ్ల ములికితో, మొదటిసారి అక్కడే!

బాణం కడుపులో దిగుతుంది. ఆ జింక గంటల తరబడి చస్తుంది. ఇది దురదృష్టం కాదు, బద్ధకం. సిగ్గులేని బద్ధకం.

కోటు తొడుక్కో. ఎత్తెక్కు. బ్రాడ్‌హెడ్‌తో, చల్లటి చేత్తో, రోజుకొక్క బాణం వెయ్యి. రెండోది ఎవరూ లెక్కపెట్టరు, జింకతో సహా.